ఇసుక లేని సముద్రం

దయాసాగర్ ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో ఇసుక నింపాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లోంచి లోపలికి పంపే పని ఆయనది. రిటైరయ్యాక ముందుగదిలో ఉప్పునీళ్ల అద్దాల తొట్టి పెట్టి పగడాలు పెంచుతున్నాడు. అందులో మాత్రం ఇసుక రవ్వంత ఉండదు. అడుగున ఉత్త అద్దమే.

"సముద్రంల ఇసుక లేకుంట ఉంటదా కాకా?" అని వచ్చిన ప్రతివాడూ అడుగుతాడు.

"నా సముద్రంల ఉండదు," అంటాడు ఆయన.

మొదట్లో ఆయనా అందరిలాగే వేశాడు. తెల్లటి ఇసుక, చూడముచ్చటగా ఉండేది. పగడాలకు తోడుగా వేసిన చేపలు వదిలిన తిండీ మలమూ అందులోకి దిగి, కనబడకుండా కుళ్లాయి. పగడాలు రెండుసార్లు తెల్లబడి చచ్చాయి. మిగిలింది బొటనవేలంత ముక్క. భార్య డెబోరా తేల్చి చెప్పింది: "ఇది గూడ సచ్చిందంటే తొట్టి బయట పెడ్త. నా ఇంట్ల ఈ సావులు సూడలేను."

ఆ రోజే ఇసుకంతా తోడేశాడు. పగడాలు నిలిపే రాళ్ల బరువుకు అద్దం పగలకుండా వాటి కింద మాత్రం ప్లాస్టిక్ పలక వేశాడు. మురికి ఎక్కడా నిలవకుండా మోటార్లు పెట్టి నీళ్లను గట్టిగా తిప్పాడు. అయినా మూలకు చేరిన చెత్తను రోజు విడిచి రోజు సన్నపైపుతో బకెట్లోకి లాగి, తీసినంత కొత్త ఉప్పునీళ్లు పోస్తాడు. మా రామగుండం ఎండల్లో ఫ్యాను తొట్టికి తిప్పి తాను చెమటలు కక్కుతాడు. వీధంతా నవ్వింది. పక్కింట్లో ఉండే నేనూ నవ్వాను, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

ఏడాదికి ఆ ముక్క అరచేయంత అయింది. అడుగు అద్దం మీద గులాబీరంగు నాచు పొర పెరిగింది.

మొన్న ఆదివారం నేను వాళ్లింట్లో ఉండగానే, ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేసిన మొగిలి సంచెడు ఇసుక మోసుకొచ్చాడు. ఏడుసార్లు కడిగాడట.

"అడుగంత మరకలు వట్టింది సాగరన్నా. జరుగు, నేను పోస్త. బతుకంత ఇసుకల్నే ఉన్నోనివి, నీకు దానితోని పగేంది?"

"పోసినవంటే నీతోని మాట బంద్. యాదికున్నదా? బాయిల నింపిన ఇసుక పైకి గట్టిగ కనబడ్డదని కాలు వెడితే నడుముదాంక దిగబడ్డ. నువ్వే గుంజినవ్. కింద ఏమున్నదో కనబడనిది నాకొద్దు."

మొగిలి నవ్వుతూనే సంచి మూతి విప్పాడు. డెబోరా వంటగదిలోంచి వచ్చి సంచి మీద చెయ్యి వేసింది. తొట్టి బయట పెడతానన్న మనిషి కదా, ఇక పోసేయమంటుందేమో అని నాకు భయమేసింది.

"అది మరక గాదన్నా, దానికి పానమున్నది," అంది. "ముప్పై రెండేండ్లు ఈయన అంగీలల్లకెళ్లి ఇసుక దులిపిన. ఇగ నా ఇంట్లకు ఒక్క రవ్వ రానియ్య. ఎత్తు సంచి."

మొగిలి ఎత్తుకున్నాడు. ఆమె పైపు తెచ్చి భర్త చేతికిచ్చి, బకెట్ తానే పట్టుకుంది.

"ఆ మూలకు చెత్త చేరింది. గుంజు."