గోంగూర దొరికే కాలేజీ

సౌదీలోని అల్ ఖోబర్‌లో తెలుగువాళ్ల పిల్లలు పన్నెండో తరగతికి వచ్చారంటే, వాళ్లు ఎక్కడ చదవాలో వాళ్లు తప్ప అందరూ తేల్చేస్తారు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యి హోటళ్లు తెరవగానే మా నాన్నల జట్టు ఒక ఆంధ్రా హోటల్లో చేరుతుంది. సైట్లో పైపు ఒక్క అంగుళం పక్కకు జరిగితే నానా యాగీ చేసే ఇంజనీర్లు వీళ్లు. కన్నపిల్లల కాలేజీని మాత్రం బిరియానీ తింటూ, ఎవరి మేనల్లుడు ఎక్కడ చదివాడో విని ఖాయం చేసేస్తారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఎంక్వైరీ.

నాకు డాక్టర్ని కావాలని ఉండేది. నీట్‌లో వచ్చిన మార్కులకు ఇండియాలో సీటు రాదని తేలిపోయింది. ఇక మిగిలింది, ముందు డిగ్రీ చదివి, ఆ తర్వాత మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టుకోవాల్సిన పరాయి దేశం. అక్కడ డిగ్రీ కాలేజీ సరైనది కాకపోతే మెడిసిన్ ఆశ అంతటితో సరి. అందుకే కూర్చుని అక్కడి రెండు కాలేజీల గురించి చదివాను. ఒకదాంట్లో మంచి ల్యాబులున్నాయి, పక్కనే పెద్దాసుపత్రి ఉంది, సెలవుల్లో పిల్లల్ని వార్డుల్లో పని నేర్చుకోనిస్తారు, అక్కడ డిగ్రీ అయినవాళ్లు చాలామంది మెడిసిన్‌లో చేరారు. రెండోదానికి ఇవేవీ లేవు. దానికి ఆంధ్రా మెస్సు ఉంది.

ఆ రెండో కాలేజీ తరఫున ఒక కన్సల్టెన్సీ ఆయన, ఆ ఎండల్లో కోటు వేసుకుని మరీ ఊడిపడ్డాడు. హోటల్ పై అంతస్తులో తెర కట్టి బొమ్మలు చూపించాడు. కాలేజీ గేటు ఇలా కనిపించి అలా పోయింది. తర్వాత హాస్టలు. ఆ తర్వాత మెస్సు, మెస్సు, మళ్లీ మెస్సు. స్టీలు బకెట్లలో సాంబారు, పళ్లెంలో గోంగూర పచ్చడి, తెల్ల టోపీలో నవ్వుతున్న వంటమాస్టరు.

"మన భీమవరం మాస్టరండీ. స్పెషల్‌గా తీసుకెళ్లాం," అన్నాడు కోటాయన.

నాన్నతో పనిచేసే కరీంనగర్ అంకుల్ చెయ్యెత్తాడు. "పెరుగు సంగతేంది? మా పోరగానికి పెరుగు లేకుంటె ముద్ద దిగది."

"పెరుగు అన్‌లిమిటెడ్ అండీ!"

నేను లేచి నిలబడ్డాను. "ఇక్కడ డిగ్రీ చదివినవాళ్లలో మెడిసిన్ సీటు ఎంతమందికి వచ్చిందండీ?"

కోటాయన నా వంక జాలిగా చూశాడు. "సీటు దేవుడి దయ తల్లీ. భోజనం మాత్రం మా గ్యారంటీ."

హాలు నవ్వింది. చప్పట్లు కూడా కొట్టారు. నాన్నా కొట్టాడు. సిగ్గుతో, కోపంతో నా చెవులు వేడెక్కిపోయాయి.

ఇంటికొచ్చాక అడిగాను. "నేను అంత దూరం వెళ్లేది తినడానికా నాన్నా?"

"తిండి లేకపోతే చదువేం ఎక్కుద్దే? నేను కొత్తలో జుబైల్‌లో కంపెనీ క్యాంపులో ఆ ఎండు రొట్టెలు తినలేక ఎట్టా ఏడ్చానో మీ అమ్మనడుగు," అన్నాడు నాన్న.

ఆ క్యాంపు కథ విన్నప్పుడల్లా నాకు జాలేస్తుంది, కాదనను. కానీ ఎప్పుడో పడ్డ ఆకలికి ఇప్పుడు నా చదువును బలి పెడతానంటే ఎలా? అమ్మ అయినా అడ్డుపడుతుందేమో అనుకున్నాను. "ఎక్కడైతే ఏవిటే, ఆడపిల్లవి, వేళకింత తింటే మాకదే చాలు," అంది. నాన్న నా పాస్‌పోర్టు, తన సౌదీ నివాస కార్డు ఇఖామా కాపీలు తీసి కోటాయనకు పంపేశాడు.

సీటు ఖాయమైందని పై శుక్రవారం అదే హోటల్లో మాకు విందు. గోంగూర మటన్ నోట్లో పెట్టుకోగానే నాన్న కళ్లు మూసుకున్నాడు. వండినవాణ్ని చూడాలన్నాడు. చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి ఒక మనిషి వచ్చాడు. తెరమీద చూసిన భీమవరం మాస్టరే!

"నువ్వు ఆ కాలేజీ మెస్సులో కదా ఉండాల్సింది?" అన్నాడు నాన్న.

"మానేసేనండీ. ఇక్కడికి వీసా దొరికిందండీ. వీసా ఇచ్చిన కఫీలు కూడా మంచోడేనండీ."

"మరి అక్కడ వంటో?"

"ఇప్పుడక్కడ మనోళ్లెవరూ లేరండీ. ఆ దేశపోళ్లే వండుతున్నారండీ."

నాన్న ముఖం పాలిపోయింది. ఆ కాలేజీలో చేరితే నేను డాక్టర్ని కాలేనని ఎంత మొత్తుకున్నా చలించని ముఖం అది. "ఎంత మోసం! పిల్లల భవిష్యత్తుతో ఆటలా?" అంటూ అక్కడి నుంచే కోటాయనకు ఫోన్ చేసి కేకలేశాడు. సీటు వద్దన్నాడు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పిన దాంట్లోనే చేరమ్మాయ్. ఎటూ తిండి దొరకదని తేలాక ఏదైతే ఏంలే."

నేను కోరుకున్నదే దొరికింది. అయినా ఏడుపొచ్చింది. నేను అన్ని రోజులు చదివి చెప్పిన మాటకు లేని విలువ ఒక గిన్నెడు గోంగూరకు ఉంది. ఆ వారమే జట్టులో మిగతావాళ్లూ వెనక్కి తగ్గారు. కరీంనగర్ అంకుల్ పెరుగు దొరికే ఇంకో దేశం వెతకడం మొదలుపెట్టాడు. నాన్నయితే అందరితో, అన్నీ దగ్గరుండి ఎంక్వైరీ చేశాకే నా కాలేజీ ఎంచానని చెప్పుకున్నాడు. ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు.

డిగ్రీ అయింది. గదిలో కుక్కర్ పెట్టుకుని నా అన్నం నేనే వండుకున్నాను, చావలేదు. మెడిసిన్ సీటు వచ్చిన రోజు శుక్రవారం. ఫోన్ చేస్తే నాన్న హోటల్లోనే ఉన్నాడు. విషయం చెప్పగానే అక్కడ చప్పట్లు మోగాయి. ఇప్పుడైనా చదువు గురించి ఒక్క మాట అడుగుతాడని ఎదురుచూశాను.

"ఆ కాలేజీలో మెస్సుందా అమ్మా?" అన్నాడు.

"ఆసుపత్రి ఉంది నాన్నా," అన్నాను.