జాల్ అంటే నీళ్లు కాదు

ఇవాళ హార్బర్‌లో అప్పన్న వల కుడుతుంటే మా పాత అరుగు గుర్తొచ్చింది. పేటలో నాతో పెరిగినవాళ్లూ, మీకు గుర్తుందా? పడవ చెడి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ జాలర్లని మనవాళ్లు ఒడ్డుకి తెచ్చారు. వాళ్లు "జాల్, జాల్" అంటుంటే, జలమనుకుని నేనూ అప్పన్నా చెంబులతో నీళ్లు పట్టుకెళ్లాం. నవ్వుతూ తాగేసి, మళ్లీ తమ చిరిగిన వలే చూపించారు.

"జాలంతే వలర్రా. మనల్ని జాలరోళ్లని ఎందుకంతారేటి?" అంది మా మామ్మ. ఆ సాయంత్రమంతా వాళ్లూ నాన్నా మా అరుగు మీద ఆ వల కుట్టారు.

ఆమధ్య పడవ ఇంజను ఆగిపోయి అప్పన్న ఆ బంగ్లాదేశ్ ఒడ్డుకే కొట్టుకుపోయాడు. నిన్ననే క్షేమంగా తిరిగొచ్చాడు. భాష రాకుండా ఎలా నెగ్గుకొచ్చావని అడిగాను.

"ఏటుంది బావ, సిరిగిన వల సూపించి జాల్ అన్నాను. ఆల్లూ మనలాగే ముందు నీల్లే ఇచ్చారు."