ఎంగిలి గాలి

బార్తుల్‌కు పుట్టుకతోనే రోత ఎక్కువ. చంటివాడుగా ఉన్నప్పుడే తల్లి రుచి చూసిన చెంచాతో పులుసు పెడితే మూతి బిగించేసేవాడట. గుడ్ ఫ్రైడే నాడు మా దీవి చర్చిలో ఊరంతా వచ్చి ఒకే శిలువను ముద్దుపెట్టుకుంటారు. ముద్దు ముద్దుకీ ఫాదర్ ఒకే గుడ్డతో దాన్ని తుడుస్తాడు. ఆ గుడ్డ మీద బార్తుల్‌కు నమ్మకం లేదు. అందుకని అందరికంటే ముందు వెళ్ళి వరసలో మొదట నిలబడేవాడు. ఆలస్యమైతే ఆ యేటికి దేవుడికి ముద్దు లేదు.

సాయంత్రం వైన్ కొట్లోనూ ఇదే గోల. మా దగ్గర గ్లాసులుండవు, బుకారా అనే చెక్క కూజా చేతులు మారుతుంది. అందరిదీ ఒకే అంచు. దాంట్లో తాగినవాడు మనవాడు. బార్తుల్ మాత్రం జేబులోంచి రుమాలు తీసి, అంచు చుట్టూ తుడిచి, అప్పుడు తాగేవాడు. దాంతో 'దొరసాని' అని పేరు పడిపోయింది.

ఇలాంటివాడు పోయి పోయి ట్యూనా చేపల పెంపకంలో మునిగే పనికి చేరాడు. సముద్రంలో ఇళ్ళంత వలలు దించి, నూనె కవ్వలనే చిన్న చేపలు మేపి పెంచుతారు వాటిని. చచ్చినవి వల అడుక్కి చేరతాయి. మునిగేవాళ్ళు వాటిని ఏరి పైకి పంపాలి. చచ్చిన చేప రెండ్రోజులు నీళ్ళలో నానితే ఎలా ఉంటుందో నేను చెప్పను, మీరు అన్నం తినాలి. నీళ్ళ కింద కంపు తెలియదనీ, ఎవడూ మీదపడి మాట్లాడడనీ బార్తుల్ లెక్క. నోటి సంగతి మరిచిపోయాడు పాపం.

కంపెనీ షెడ్డులో రెగ్యులేటర్లు మేకులకు వేలాడుతుండేవి. వీపుకు కట్టుకునే సీసాలో గాలిని మన ఊపిరికి తగ్గట్టు నోటికి అందించే సామాను అది. చివరనున్న రబ్బరును పళ్ళతో కరిచి పట్టుకోవాలి. పొద్దున ఎవడి చేతికి ఏది దొరికితే అది. ఒకదానికి వెల్లుల్లి కంపు, ఇంకోదానికి పొగాకు కంపు, మరోదాని అంచున ఎవడిదో పాచి పచ్చగా పేరుకుని ఉండేది. వాడి పళ్ళ గుంటల్లో వీడి పళ్ళు. ఛీ! చేరిన కొత్తలో బార్తుల్ ఇంటికొచ్చి సబ్బుతో నోరు కడుక్కునేవాడు.

ఇక లాభం లేదని సొంతది కొనడానికి జాదర్ పట్నం వెళ్ళాడు. కొట్టువాడు ఒకటి తీసి, "నోట్లో పెట్టుకుని చూడండి, అందరూ అలాగే చూస్తారు" అన్నాడు. అందరూ అన్న మాటకే బార్తుల్ వెనక్కి జరిగి, పెట్టె విప్పనిది ఇమ్మన్నాడు. అది తేలిగ్గా, నాజూగ్గా, షోకుగా ఉంది. దాంతో దిగిన రోజే చివికిన చేపను చూసి కడుపులో తిప్పింది. నీళ్ళ కింద డోకొస్తే రెగ్యులేటర్ తీయకూడదు. దాంట్లోకే కక్కి, బొత్తాం నొక్కి గాలితో బయటికి తోసేయాలి. మునిగే పనిలో మొదటి పాఠం ఇదే. ఆ షోకుదానికి గాలి బయటికి పోయే దారి మరీ ఇరుకు. కక్కిందంతా అందులోనే ఇరుక్కుని, తరువాతి ఊపిరితో తిరిగి నోట్లోకే వచ్చింది. ఆ ఊపిరి గురించి అడిగితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు.

తరువాత కొన్న రెండోదాంతో గాలి పీల్చాలంటే దవడలు నొప్పెట్టేవి. మూడోది పాత రకం ఇత్తడిది. బరువు, చూడబోతే అనాకారి. కానీ గడ్డం కింద దాని దారి ఎంత వెడల్పంటే, ఏం కక్కినా కాలవలో పడ్డట్టు కొట్టుకుపోయేది. రెగ్యులేటర్‌ను ఎవరైనా గాలి ఎంత సుఖంగా ఇస్తుందో చూసి ఎంచుకుంటారు. మనవాడు కక్కును ఎంత శుభ్రంగా మోసుకుపోతుందో చూసి ఎంచుకున్నాడు. ఎంచుకున్నాక ప్రాణంగా చూసుకున్నాడు. దిండు గలీబులో చుట్టి, తన మేకుకే తగిలించేవాడు. సాయంత్రం ఆ రబ్బరును ఇంట్లో ఉడకబెట్టేవాడు. "ఆ గిన్నె ఇంకోసారి నా పొయ్యి మీద కనపడితే నిన్నూ దాంట్లోనే ఉడకేస్తా" అనేది అతని భార్య స్తోషియా.

ఇంకో పని కూడా చేశాడు. ప్రతివాడి సీసాకూ అదనంగా ఒక గొట్టం, దానికో రబ్బరు మూతి ఉండాలి, పక్కవాడికి గాలి ఆగిపోతే ఇవ్వడానికి. బార్తుల్ దాన్ని ఊడదీసేశాడు. వలకు తగులుకుంటోందని అందరితో అన్నాడు. నిజం స్తోషియాకొక్కదానికే చెప్పాడు: "అది ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు నోట్లో పెట్టుకుంటాడే."

ఆ ఎవడో ఒకడు గష్పర్. బార్తుల్‌కు జోడీగా దిగేవాడు. చేపల కత్తితోనే పళ్ళు కుట్టుకునే రకం. ఒకసారి వేళాకోళానికి ఇత్తడిదాన్ని కరిచినట్టు నటిస్తే, బార్తుల్ ఆ రబ్బరు పీకి సముద్రంలో పారేసి, ఎండాకాలమంతా వాడి మొహం చూడలేదు. గష్పర్‌కు కోపం రాలేదు. రోజూ బుకారాను మొదట బార్తుల్ ముందే పెట్టి, "తుడుచుకో దొరసానీ, తుడుచుకునే తాగు" అనేవాడు.

సెయింట్ రోకో పండగ మర్నాడు గష్పర్ కడుపునిండా గొర్రె మాంసంతో, తల నిండా వైన్‌తో దిగాడు. వేడికి చేపలు చాలా చచ్చాయి. ఎత్తబోతే ఒకటి వాడి మొహం మీదే పొట్ట పగిలింది. నీళ్ళు మురికి మబ్బయ్యాయి. గష్పర్ భళ్ళున కక్కాడు. కంపెనీ రెగ్యులేటర్ మాంసం పీలికలతో పూడిపోయింది. ఊపిరి లాగితే నీళ్ళొస్తున్నాయి. వాడి అదనపు గొట్టానికి రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది, పట్టించుకున్న నాథుడు లేడు. పైకి చాలా దూరం. బార్తుల్ వైపు తిరిగి, గాలి లేదని అరచేత్తో గొంతు కోసుకున్నట్టు చూపించాడు.

బార్తుల్ చెయ్యి రొమ్ము మీద అదనపు గొట్టం ఉండాల్సిన చోటు తడిమింది. ఏమీ లేదు.

అప్పుడు ఆ నోరు చూశాడు. పెదాల మీద జిగురు, గడ్డానికి వేలాడుతున్న పీలిక, దాన్ని పొడుచుకు తింటున్న చిన్న చేపలు. బార్తుల్ చెయ్యి తన నోటి దగ్గరికి వెళ్ళింది. తీయడానికి కాదు, రెగ్యులేటర్‌ను గట్టిగా పట్టుకోవడానికి.

గష్పర్ అది చూశాడు. వాడి బలానికి లాక్కోవడం ఒక లెక్కా? లాక్కోలేదు. చెయ్యి చాచి, అడుగుతూ ఉండిపోయాడు. ఆ చెయ్యి మెల్లగా కిందికి వాలిపోవడం మొదలుపెట్టాక బార్తుల్ తనది పీకి వాడి నోట్లో కుక్కాడు. వాడొకసారి, వీడొకసారి పీలుస్తూ, ఒకరినొకరు పట్టుకుని పైకొచ్చారు. తన వంతు వచ్చినప్పుడల్లా బార్తుల్ నోటికి వెల్లుల్లి, పైత్యం, పులిసిన వైన్ తగిలాయి. ఒక్కసారి కూడా డోకు రాలేదు.

పడవ మీద అందరూ మూగారు. ఏమైందని మేస్త్రీ అడిగితే, గష్పర్ దగ్గి దగ్గి, "తనది తీసిచ్చాడు" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. అందరూ బార్తుల్ వీపు చరిచారు. ఇత్తడిదాన్ని తలా ఒకసారి చేతుల్లోకి తీసుకుని చూశారు. అతను వద్దనలేదు. ఇంతకాలం ఊళ్ళో అందరి నోళ్ళూ చూసి రోసినవాడికి ఆ పూట తన చెయ్యి చూసుకుంటే రోత పుట్టింది.

సాయంత్రం వైన్ కొట్లో బుకారా వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చింది. ఈసారి దాన్ని గష్పర్ అతని ముందు పెట్టలేదు, కొట్టువాడే పెట్టాడు. రుమాలు ఎప్పుడు తీస్తాడా అని అందరూ చూస్తున్నారు. బార్తుల్ తీయలేదు. అంచుకు నోరు ఆనించి గటగటా తాగి, కూజాను గష్పర్‌కు అందించాడు.

గష్పర్ అందుకున్నాడు. కాసేపు ఆ అంచు వంక చూశాడు. తరువాత చొక్కా చేతిని గుప్పిట్లోకి లాక్కుని, అంచు చుట్టూ నిదానంగా తుడిచి, అప్పుడు తాగాడు.

పాత వేళాకోళం తిరగబడిందనుకుని కొట్టంతా పగలబడి నవ్వింది. వాళ్ళిద్దరూ నవ్వలేదు.