అద్దం మీద దుమ్ముగుడ్డ

ఆమె పూర్తి పేరు దుకాణం బోర్డు మీద ఉండేది గాని, బజారంతా ఆమెను తాళాలక్క అనే పిలిచేది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లకు లోపలి తాళాలు వేయడం ఆమె వృత్తి. తన నీడకు కూడా పాస్‌వర్డ్ పెడుతుందని పక్క కొట్టువాళ్లు ఎగతాళి చేసేవారు.

నేను మొదటిసారి వెళ్లింది ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం. ప్రచురణ సంస్థ నాకిచ్చిన ల్యాప్‌టాప్‌లో, బడిలో పాఠాలు చెబుతూనే పదకొండేళ్లుగా నేను కూర్చిన నిఘంటువు ఉంది. ఫర్మ్‌వేర్ అంటే యంత్రం కళ్లు తెరవకముందే మేలుకొనే ప్రోగ్రామని, దాని మార్పు సగంలో ఆగితే యంత్రం మళ్లీ లేవకపోవచ్చునని ఆమె చెప్పింది. ముందుగా నిఘంటువుకు వేరే ప్రతి తీసి ఇస్తానంది. కాజేస్తుందేమోనని నేను ఒప్పుకోలేదు.

బయటి పెన్‌డ్రైవ్‌తో యంత్రం తెరుచుకోకుండా సెట్టింగ్ మార్చి, కొత్త పాస్‌వర్డ్ నన్నే కొట్టమని, తాను గోడవైపు తిరిగి నిలబడింది. ఆ గోడకు అద్దాల అలమర ఉంది. అందులో నా వేళ్లు కనబడుతున్నాయన్నాను. ఆమె దుమ్ముగుడ్డ తీసి అద్దం మీద కప్పింది.

అప్‌డేట్ మొదలయ్యాక తెర నల్లబడింది, ఫ్యాను హోరెత్తింది. తాడును చూసి పామనుకొనే బుద్ధి నాది. నిఘంటువు ఎక్కడికో తరలిపోతున్నదని నిశ్చయించుకొని ఛార్జరు తీగ పట్టుకున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"టీచరుగారూ, నన్నెంతైనా అనుమానించండి. తీగ మాత్రం లాగకండి."

పావుగంటకు యంత్రం లేచింది. నిఘంటువు అకారం నుంచి హకారం దాకా చెక్కుచెదరలేదు. క్షమాపణ చెప్పబోతే ఆమె వారించింది. ఇన్నేళ్లలో ఆ అద్దం సంగతి అడిగింది నేనొక్కదాన్నేనట. మరునాడే ప్రతి తీయించాను, పక్కనే కూర్చుని చూస్తూ.

ఆరేళ్ల తరువాత, గుండె ఆపరేషనుకు వెళ్లే ముందు, దుకాణపు యంత్రం పాస్‌వర్డ్‌ను కవరులో పెట్టి మా ఇంటికి తెచ్చింది. అది పోతే ఇరవై ఏళ్ల పని తాళంలోనే ఉండిపోతుంది. తాను తిరిగి రాకపోతే తప్ప విప్పవద్దంది. తమ్ముడికి ఇవ్వవచ్చు కదా అన్నాను.

"వాడు బంగారం. ఎవరు నవ్వుతూ అడిగినా ఇచ్చేస్తాడు. మీరైతే నాక్కూడా ఇవ్వరు."

కవరు అంటించి, అతుకు మీద సంతకం చేశాను.

ఆమె తిరిగి రాలేదు. కవరు విప్పి, ఆమె తమ్ముణ్ణి గోడవైపు తిరిగి నిలబడమని చెప్పి, దుకాణపు యంత్రాన్ని నేనే తెరిచి అతనికి అప్పగించాను. దుమ్ముగుడ్డ ఇంకా అద్దం మీదే ఉంది.

కవరు తెచ్చిన ఆ రోజు, మా గుమ్మం దాటబోతూ, ఆమె ఆగి నన్ను ఆఖరిసారిగా ఒకటి అడిగింది.

"ఆ సంతకం ఈ కాగితం మీద ఇంకోసారి పెట్టండి టీచరుగారూ. రెండూ ఒకటేనో కాదో చూసుకుని వెళ్తాను."