గోవా అనే అమ్మాయికి ఆరో తరగతి సీటు

2006 జూన్‌లో నన్ను గద్వాల నుంచి ఉప్పునుంతల మండలంలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా బదిలీ చేశారు. నేను వనపర్తి అడిగాను. నాకంటే జూనియర్‌కు ఇచ్చారు. ఆ సంగతి నేటికీ మరిచిపోలేదు. అయితే వనపర్తి దక్కి ఉంటే, నా ఉద్యోగం మొత్తంలో అంత హుషారుగా కొట్లాడిన వారం నాకు దక్కేది కాదు.

చేరిన కొత్తలోనే బాలమణి అనే వలస కూలీ తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. మా బడిలోనే ఐదో తరగతి పూర్తిచేసిన పిల్ల. కొత్తగా తెరిచిన ఆడపిల్లల వసతి బడిలో ఆరో తరగతి సీటు కావాలి. పిల్ల పేరు గోవా. తల్లిదండ్రులు కూలీలను పనులకు తీసుకుపోయే గుంపుమేస్త్రి వెంట కొంకణానికి పోయి రైలు సొరంగాలు తవ్వే పనిలో ఉన్నప్పుడు అక్కడ పుట్టింది. పనికి పోయిన ఊరి పేరు పిల్లలకు పెట్టడం పాలమూరులో వింత కాదు. మా బడిలోనే పూణె అనే పిల్లవాడు ఉన్నాడు.

సీటు రాకపోతే ఏమవుతుందో బాలమణి దాచలేదు. "ఆదివారం గుంపు లారీ ఎక్కుతది సార్. ఇంట్ల ముసలోళ్లు గూడ ఇప్పుడు లేరు. బిడ్డను ఎవరికాడ ఇడిసిపెట్టాలె? ఎంబడి తీస్కపోవుడే. ఇగ సదువు ఆడికే."

ఇటువంటి దరఖాస్తును ప్రధానోపాధ్యాయుడు నేరుగా వసతి బడికి పంపలేడు. మండలంలోని బడులన్నిటికీ పైవాడైన మండల విద్యాధికారి దాని మీద ప్రతిసంతకం చేయాలి. అది లేని కాగితాన్ని అక్కడ ముట్టరు. మా విద్యాధికారి పేరు శ్రీశైలం. ఆయన దరఖాస్తును తిప్పి పంపుతూ 'సరైన పేరు' పెట్టి పంపమన్నారు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ప్రధానోపాధ్యాయుల నెలవారీ సమావేశంలో అందరి ముందు ఎత్తుకున్నారు. "గద్వాల సారు మనల గోవాకు తీస్కపోతడట. టికెట్ గూడ అక్కర్లేదట." గది గొల్లుమంది. ఆ రోజు చాయ్ నాకు అందరికన్నా చివర, చల్లారిపోయాక వచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. తిరుపతయ్య సారు, యాదగిరి సారు, కాశన్న సారు అంటూ వచ్చినవాళ్ల పేర్లు వరుసగా చదివి, ఇవన్నీ ఊళ్ల పేర్లు కావా అని అడిగాను. ఆఖరున అధికారి పేరు కూడా కలిపాను. నవ్వు ఆగిపోయింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ప్రమోషన్ వచ్చిన నాడు కూడా కలగలేదు.

సమావేశం రెండుగా చీలింది. పేరున్నది పిలవడానికే కదా, ఏదైతేనేం అన్నారు కాశన్న సారు. యాదగిరి సారు ఒప్పుకోలేదు. "రేపు సంబంధం అడగొచ్చినోళ్లు పిల్ల పేరు గోవా అంటే చాయ్ తాగకుంటనే లేస్తరు." అధికారిది ఒకటే మాట. "మావి పుణ్యక్షేత్రాలు. గోవా అంటే తాగి తిరిగేటోళ్లు పోయే జాగ. రెండు ఒకటెట్ల అయితయి?" ద్వారక అని రాసుకొస్తే అక్కడే సంతకం పెడతానన్నారు.

ఆ కబురు బాలమణికి చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. గోవాకు ముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారట. ఈ కాన్పు సొరంగం పక్క గుడిసెలో కష్టమైతే, చేపలమ్మే ఆడవాళ్లు తట్టలు దించి ఆమెను దవాఖానకు మోసుకుపోయారు. "ఈ బిడ్డ దక్కితే ఈ ఊరి పేరే పెడతనని మొక్కుకున్న సార్. మొక్కిన పేరు ఎవరన్న తీస్తరా? బిడ్డకేమన్న అయితే?" పిల్లను అడిగితే, "ఇంకో పేరుతోని పిలిస్తే నేను పలుక" అని మొహం తిప్పుకుంది.

మర్నాడు ఇద్దరినీ మండల కార్యాలయానికి తీసుకుపోయాను. అధికారి కూర్చోమనలేదు. నేను గొంతు సవరించుకునే లోపలే బాలమణి మొక్కు సంగతి చెప్పేసి, "మీ అమ్మ మీకు శ్రీశైలం అని ఎందుకు పెట్టింది సార్?" అని అడిగింది.

ఆయన చేతిలోని కలం కింద పెట్టారు. "నాకంటె ముందుగాల ముగ్గురు పోయిండ్రు. కొండకు మొక్కుకున్నదట."

"మరి ఆ పేరు మార్చుకొమ్మని మీకు ఎవరన్న చెప్పిండ్రా?"

ఆయన పిల్ల వైపు తిరిగారు. "అక్కడ పిల్లలు నవ్వుతరు బిడ్డా, ఏం చేస్తవ్?"

"ఈడ పూణెగాడు గూడ నవ్వుతడు సార్. వాని పేరు వానికి చెప్తె నోరు మూసుకుంటడు."

ఆయన నవ్వారు. సంతకం పెట్టారు. శనివారం గోవా వసతి బడిలో చేరింది, ఆదివారం లారీ ఆమె లేకుండానే పోయింది. సమావేశంలో చేసిన ఎగతాళికి మాత్రం ఆయన ఒక్క మాట విచారం చెప్పలేదు. దాని మీద నాగర్‌కర్నూల్‌లోని పై అధికారికి ఫిర్యాదు రాశాను. జవాబు రాకపోతే మళ్లీ రాశాను.

తర్వాత పదవీ విరమణ దాకా, ఏ పిల్లను చేర్చుకున్నా పేరు తల్లిదండ్రులు చెప్పినట్టే రాశాను. పేరు బాగుందో లేదో తేల్చే అధికారం బడికి ఏ ఉత్తర్వూ ఇవ్వలేదు. అడగాలనిపిస్తే ఎందుకు పెట్టారని అడగవచ్చు. అది కూడా సంతకం పెట్టిన తర్వాతే అడగాలి.