ఆవగింజంత గడులు

తెలంగాణ వచ్చిన మరుసటేడు మా ఇంట్లోకి మొదటి కంప్యూటర్ వచ్చింది. భువనగిరిలో ఎవరో వదిలించుకున్న పాత పెట్టె. తమ్ముడు ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, మగ్గం గదిలో బాపు ఎదురుగా పెట్టాడు. నేను నల్గొండలో కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారాలు వచ్చి అందరితో గొడవ పెట్టుకుని వెళ్లేదాన్ని. ఆ పెట్టెతోనూ పెట్టుకున్నాను. తెర మీద గీత గీస్తే మెట్లమెట్లుగా వచ్చేది. చీర మీదికి గీసిన చిలుక బొమ్మ ఇటుకలు పేర్చినట్టుండేది.

బాపుకు అదే కలిసొచ్చింది. ఆయన పని చిటికి కట్టడం. నూలును రంగులో ముంచకముందే, రంగు అంటకూడని చోటల్లా పోగులకు రబ్బరు పేలికలు బిగించి కట్టాలి. గ్రాఫు కాగితం మీద ఒక గడి అంటే ఒక ముడి. ఇక బాగుపడవని దవాఖానలో చెప్పేసిన కళ్లు ఆయనవి. కాగితం మీది గడులు కనిపించడం మానేశాయి. ఆ మొద్దు తెర మీద గడి బొటనవేలి గోరంత ఉండేది. కూర్చున్న చోటు నుంచే లెక్కపెట్టుకుని కట్టేవాడు.

కొన్నాళ్లకు పట్నం షాపువాళ్లు చిలుక మెడ వంపు తిరగాలన్నారు. తమ్ముడు గ్రాఫిక్స్ కార్డు తెచ్చాడు. పెట్టెలో కార్డు గుచ్చడానికి ఉన్నది ఒక్కటే జాగా. అందులో ప్రింటరుది ఉండేది. దాన్ని పీకి దీన్ని పెట్టాడు. బొమ్మను పెద్దగా అచ్చు వేసుకునే దారి అట్లా మూసుకుపోయింది. తెర మాత్రం తేటపడింది. మెడ వంపు తిరిగింది. గడులు ఆవగింజలయ్యాయి.

పెద్దది చేసి చూపించొచ్చు కదా అని వాదించాను. చూపించాడు. తెర మీద చిలుక కన్ను తప్ప ఏమీ మిగల్లేదు. పక్కకు జరిపితే పాత పెట్టె ఆయాసపడుతూ బొమ్మను వరుస తర్వాత వరుస గీసుకుంటూ వచ్చింది. బాపు కట్టినంతసేపూ మౌస్ పట్టుకుని ఒకరు పక్కన కూర్చోవాలి. ఆయన ఎవరినీ కూర్చోమనలేదు. కనిపిస్తోందా అంటే కనిపిస్తోందన్నాడు.

చిటికి పనిలో తప్పు వెంటనే బయటపడదు. రంగులో ముంచి, ఆరబెట్టి, ముడులు విప్పి, మగ్గానికి ఎక్కించాకే కనిపిస్తుంది. ఎక్కించారు. వరుసగా చిలుకలు, ఒక్కదాని తలా మొండెం మీద లేదు.

బాపు ముందుకు వంగి నూలును అరచేత్తో తడిమాడు. తడిమితే ఏం తెలుస్తుంది, రంగు చేతికి తగలదు కదా. నేను తమ్ముడి మీద పడ్డాను. వంపు ఎవరిక్కావాలన్నాను.

"షాపోళ్లకు గావాలె అక్కా. గా ఇటుకల చిలుకను ఎవ్వలు కొంటలేరు. నువ్వు గట్టుకుంటవా?"

నేను కట్టుకున్నది మిల్లు చీర. అయినా ఊరుకోలేదు. కార్డు పీకెయ్యమన్నాను. వాడు రోషంగా స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"తియ్యకు బిడ్డా," అన్నాడు బాపు. "పాతదాంట్ల గూడ ఆఖరికి మసకనే ఉండె."

అది నిజమో, కొడుకు బేరం చెడకూడదని ఆడిన అబద్ధమో నేను అడగలేదు. 

చిటికి ఇప్పుడు పక్క వీధిలో ఒకామె కడుతోంది. కార్డు పెట్టెలోనే ఉంది. బాపు నేతకు దారం కండెలు చుడుతున్నాడు. మా ఇళ్లల్లో అది ఆడవాళ్ల పని, లేదంటే ఇంకేదీ చేతకానివాళ్ల పని. మొన్నమొన్నటిదాకా అమ్మ చేసింది. చరఖా ముందు ఆమె పీట ఇప్పుడు ఆయనది. పోయిన ఆదివారం నేను వెళ్లేసరికి ఆయన చుట్టిన కండెను అమ్మ వేళ్లతో నొక్కి చూసి, వదులుగా ఉందని విప్పేస్తోంది. ఆయన చెయ్యి చాపి దారం కొస కోసం గాలిలో వెతికాడు. అమ్మ దాన్ని ఆయన వేళ్ల మధ్య పెట్టి, మళ్లీ చుట్టమంది.