మద్రాసులో కలిపిన చెయ్యి

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో చదరంగం ఆడే ఆడపిల్లను నేనొక్కదాన్నే అనుకుంటాను. నేర్పింది మా నాన్న. ఏడాది తిరిగేసరికి ఆయన్నే ఓడించసాగాను. అట్లా ఒక్కో పోటీ గెలుచుకుంటూ పోతే, మద్రాసులో పిల్లల అంతర్జాతీయ పోటీకి ఎంపికయ్యాను. సరిగ్గా నాట్ల సమయం. నాన్న పొలం వదిలి కదల్లేకపోయాడు. సూర్యాపేట దవాఖానలో నర్సుగా చేసే మా మేనత్త సెలవు పెట్టి నా వెంట రైలెక్కింది. ఆమెకు గుర్రమేదో శకటమేదో తెలియదు.

మొదటి ఆటలోనే చిత్తుగా ఓడిపోయాను. ఎదురుగా కూర్చున్న విదేశీ పిల్ల నాకంటే జానెడు పొడుగు. రెప్ప వేయకుండా చూసేది. నేను బల్ల మీది పావులు వదిలేసి ఆ పిల్ల మొహమే చూస్తూ కూర్చున్నాను. బసకు వచ్చాక ఏడుపు ఆగలేదు.

"నేనిగ ఆడను అత్తమ్మా, ఇంటికి పోదాం పా."

అత్తమ్మ కోప్పడలేదు. నా జడ విప్పి దువ్వుతూ నవ్వింది.

"మా దవాఖానకు సూది కోసం వచ్చేటోళ్లు మీసాలు మెలేసుకుంట కూసుంటరు బిడ్డా. చెయ్యి పట్టి సూస్తే మంచుగడ్డ! రేపు ఆటకు ముందు చెయ్యి కలుపుతవ్ గదా, ఎదురుంగ కూసునే పిల్ల చెయ్యి ఎట్లున్నదో జర సూసి వచ్చి నాకు చెప్పు. ఇంకేం చెప్పకున్నా సరే."

మర్నాడు ఎదురైన పిల్ల ఇంకా గంభీరంగా ఉంది. వెనక కోటు తొడుక్కున్న గురువు. చెయ్యి కలిపాను. చల్లగా, చెమటతో తడిసి ఉంది! నవ్వు ఆపుకోలేకపోయాను. అది చూసి ఆ పిల్లా నవ్వేసింది. ఆ తర్వాత నాకు బల్ల ఒక్కటే కనిపించింది. చివర్లో నా బంటు ఒకటి మెల్లగా అవతలి గట్టుకు చేరి మంత్రి అయింది. గెలిచాను.

పరుగున బయటికొచ్చి, "మంచుగడ్డే అత్తమ్మా!" అని అరిచాను.

"మరి నీ చెయ్యి?" అంది అత్తమ్మ.

చూసుకున్నాను. ఎప్పుడు వేడెక్కిందో నాకే తెలియదు.

ఓడిన పిల్ల మెట్ల మీద కళ్లు తుడుచుకుంటుంటే, అత్తమ్మ డబ్బా తెరిచి చేగోడీలు పెట్టింది. సాయంత్రానికి ఆ పిల్ల సైగలతోనే అత్తమ్మకు గుర్రం నడక నేర్పుతోంది. అత్తమ్మ దాన్ని ఏనుగులా తిన్నగా నడిపితే ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ పోటీలో నాకు కప్పేమీ రాలేదు. అయినా తిరుగు రైల్లో కిటికీ పక్కన మహారాణిలా కూర్చున్నాను.

తర్వాత కోదాడలో కాలేజీ పాఠాలు చెప్పే రోజుల్లో, మౌఖిక పరీక్షకు ఎందరో పిల్లలు నా ఎదుట బిర్రబిగుసుకుని కూర్చున్నారు. ఎంత ధీమాగా కనిపించినా ముందు చెయ్యి కలిపేదాన్ని. చల్లగా తగిలితే, ప్రశ్న పక్కన పెట్టి, మీది ఏ ఊరని అడిగేదాన్ని.